సురంజాన్ విషము – ఒక ప్రోటీను జాడ

యునానీ హకీములు కీళ్ళవాతమునకు వాడు సురంజాన్ దుంపను మనలో పలువురము ఎరుగుదుము. అందలి విషము కాల్చిసిన్. మన కంచెలపై అల్లుకొని పూయు అగ్నిశిఖ దుంపలోను అదియే కలదు (రుచి చూడరాదు సుమా, ప్రాణాంతకము!). ఇది సోకిన కణము విభజన నడుమ ఆగిపోవును; క్రోమోసోములను ఇరువైపులకు లాగు కదురుపోగులు చెదరిపోవును. కాని కణములో అది తాకునది దేనిని? చాలకాలము తెలియలేదు.

1967లో చికాగో విశ్వవిద్యాలయమున బొరిసీ, టేలర్ అను శాస్త్రజ్ఞులు కాల్చిసిన్‌కు రేడియోధార్మిక హైడ్రోజనును చేర్చి, అది అంటుకొను ప్రోటీనును వెదకిరి. విచిత్రమేమన, విభజన చాల అరుదైన మెదడు కణజాలములో అది మెండుగా అంటుకొనెను! కనుక ఆ ప్రోటీను కదురునకు మాత్రమే చెందినది కాదు. కణములోని సూక్ష్మనాళికలన్నిటికి ఇటుక వంటిది. 1968లో దానికి ట్యూబులిన్ అను పేరు వచ్చెను.

అయినను నిరోధకము చెప్పిన సాక్ష్యమును వెంటనే నమ్మరాదు. కాల్చిసిన్ న్యూక్లియోసైడులు కణములోనికి ప్రవేశించుటను కూడ తగ్గించును. ఇదియు ట్యూబులిన్ పనియేనా? మనము రికార్డు పుస్తకములలో తరచు వదలివేయు పోలిక ప్రయోగమే ఇచట తీర్పు చెప్పినది. కాంతి సోకి రూపుమారిన లూమికాల్చిసిన్ ట్యూబులిన్‌ను అంటదు. అయినను ఆ ప్రవేశమును అదియు తగ్గించుచున్నది.