బిల్లింగు కౌంటరు వద్ద ఫోను నంబరు

నెలకు సరిపడు పప్పులు, నూనెలు కొని సూపర్‌మార్కెట్టు కౌంటరు చేరిన గృహిణిని గుమాస్తా మొట్టమొదట ఫోను నంబరే యడుగును. ఆమెయు, బిల్లునకు అది తప్పనిసరి కాబోలుననుకొని, వెనుక వరుసలోనివారు వినుచుండగనే పది అంకెలును చెప్పివేయును.

ఏ సరుకుతో ఏ సరుకు అమ్ముడగుచున్నదో వేలకొలది బిల్లులనుండి కంప్యూటరుచేత వెదకించు విద్యకు 1993లో ఐబీఎం పరిశోధకులు రాకేశ్ అగ్రవాల్ ప్రభృతులు శాస్త్రీయమైన రూపమొసగిరి. ఇడ్లీరవ్వ కొన్నవారిలో ఎందరు మినపప్పు కొనిరో లెక్కించి, ఆ రెంటిని ఒకే అరలో నుంచుటవలన ఎవరికిని హాని లేదు. ఆ లెక్కకు కొన్నవారి నంబరుతో పనియే లేదు. నంబరు చేరిన పిమ్మట చక్కెర లేని బిస్కట్లు, రక్తపరీక్ష స్ట్రిప్పులు, నెలనెలా పెరుగు మందుల ఖర్చు ఒక్క మనిషి చరిత్రగా కూడి, ఆమె ఇంటివారికైనను చెప్పుకొనని వ్యాధిని వర్తకుడు ఊహింపగలుగును. ఆ ఊహ తప్పైనను ఆమెకు తెలియదు, దిద్దుకొనలేదు. నాకు మిక్కిలి ఆందోళన కలిగించునది ఇదియే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. నంబరు కొరకు కొనుగోలుదారులను నిర్బంధింపరాదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో వర్తకులకు సూచించినది. బిల్లు నిరాకరించుటయు, నమ్మి చెప్పిన వివరములను చట్టవిరుద్ధముగా అన్యులకు వెల్లడించుటయు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతులు. కావున "నంబరివ్వనండీ, బిల్లు వేయండి" అని నిస్సంకోచముగా చెప్పవచ్చును. వినకున్నచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షల రూపాయలు మించనిచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇంకను ముందునకు పోయినది. సమ్మతి కోరు నోటీసును తెలుగులో చదువుకొను వీలును, ఒసగినంత సులువుగా ఆ సమ్మతిని ఉపసంహరించుకొను హక్కును అది కల్పించినది. 18 ఏండ్లు నిండని పిల్లల నడవడిని వెంటాడి గమనించుటను, వారిపై గురిపెట్టిన ప్రకటనలను నిషేధించినది. నియమావళి 2025 నవంబరులో వెలువడినను, వ్యాపార సంస్థల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు కలదు. అయినను ఇదివరకే నంబరిచ్చినవారు ఆ గడువుకై వేచియుండ నక్కరలేదు: ప్రచార సందేశములు నిలుపుమని, పన్ను లెక్కలకు అవసరమైనవి తప్ప తక్కిన కొనుగోలు వివరములు తొలగింపుమని దుకాణమువారికి నేడే ఈమెయిలు పంపి, దాని నకలు భద్రపరచుకొనవలెను.