కోల్‌కతా అయినా వదలని కలకత్తా: పాత సెట్టింగ్‌ని ఎలా తీసేయాలి?

దసరాకి ప్రొద్దుటూరు వెళ్తే మా మామ బట్టల షాపులో బిల్లింగ్ ఆగిపోయి ఉంది. షాపు కంప్యూటర్ విండోస్, సాఫ్ట్‌వేర్ జావా. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ని మాత్రం ముందురోజే ఉబుంటు 24.04 సర్వర్‌కి మార్చారంట. లాగ్‌లో ఒకటే ఎర్రర్: టైమ్‌జోన్‌గా ‘ఆసియా/కలకత్తా’ చెల్లదు!

కలకత్తా 2001లో కోల్‌కతా అయింది. ఫోన్లు, సర్వర్లు వాడే టైమ్‌జోన్ డేటాబేస్‌లో 2008లో పేరు మార్చారు. పాతది తీసేయకుండా ‘బ్యాక్‌వర్డ్’ అనే ఫైల్లో లింక్‌గా ఉంచారు. మన కడప ఇంగ్లీష్ స్పెల్లింగ్ 2005లో మారినా పాత స్పెల్లింగ్‌తో రాసిన ఉత్తరం చేరుతుంది కదా, అట్లా.

చిక్కేంటంటే, లింక్ పనిచేసినన్నాళ్లూ ఎవరూ మార్చుకోరు. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అయితే ఐడీలు మారకూడదని కలకత్తానే అట్టిపెట్టుకుంది. విండోస్‌లో ఇండియా టైమ్ పెడితే జావాకి కనిపించేది ఆ పేరే. ఉబుంటు ఏమో పాత పేర్లన్నీ ‘టీజెడ్‌డేటా-లెగసీ’ అనే వేరే ప్యాకేజీలోకి నెట్టేసింది. అది ఇన్‌స్టాల్ చేసినా సరిపోయేది. నేను జావా స్టార్టప్ ఆప్షన్లలోనే ‘ఆసియా/కోల్‌కతా’ అని రాసేశా.

నాకైతే జావా పద్ధతే నచ్చుతుంది. ‘మ్యాక్స్‌పర్మ్‌సైజ్’ ఆప్షన్‌ని 2014లో జావా 8 పట్టించుకోవడం మానేసింది, కానీ ప్రతిసారీ వార్నింగ్ ఇచ్చింది. 2021లో జావా 17 వచ్చాకే ఆ ఆప్షన్ ఉంటే స్టార్ట్ అవ్వనని మొండికేసింది. మధ్యలో ఏడేళ్లు! టైమ్‌జోన్ లింక్ మాత్రం ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వదు, అందుకే బిల్లింగ్ పండగ రోజు ఆగింది.

పులివెందుల బ్రాంచిలో ఇంకా పాత సర్వరే. అక్కడ కలకత్తా నడుస్తూనే ఉంది.