పాతపెట్టె పూర్వవృత్తి

జంషెడ్‌పూర్ ఉక్కుతో పుట్టిన నగరము. 1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడినది. సాక్చీ అనే పల్లె వద్ద కట్టిన కర్మాగారంలో 1912లో ఉక్కు తయారు కాసాగినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టినారు. అప్పటికే దేశంలోని అనేక భాషలవారు పనికోసం అక్కడికి చేరుకొంటున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి బెంగాల్-నాగపూర్ రైలుమార్గం వెంట వచ్చిన తెలుగువారు వారిలో ఒకరు. తొలితరం వారి వెంట వచ్చిన సామాను కొద్దిపాటిది: ఒక రేకుపెట్టె, పరుపుచుట్ట, కత్తిపీట. ఊళ్ళో పెద్దలు గతించి, వాటాలు పంచుకొన్న తరువాత మాత్రమే తాతల నాటి బరువైన కొయ్యసామాను రైలెక్కినది.

నగరానికి తూర్పున, ఆగ్రికో, బారీడీహ్‌ల సమీపంలో సిద్ధగోరా ఉన్నది. 2000 నవంబరు 15 వరకు బీహారులోను, ఆనాటి నుండి ఝార్ఖండ్‌లోను ఉన్న ఈ పేటలో, గోడకు ఇవతల తెలుగు, అవతల బెంగాలీ, ఎదురింట భోజ్‌పురి వినిపించటం వింతకాదు. కర్మాగారంలో ఉద్యోగం ముగిసినవారు కంపెనీ క్వార్టరు ఖాళీ చేయవలసి ఉంటుంది. సామాను సర్దుకొనే ఆ కొద్ది రోజులలోనే ఇంట్లోని ప్రతి పాతవస్తువు భవితవ్యమూ తేలిపోతుంది. ఉక్కు బీరువా కొత్త ఇంటికి పోతుంది. మంచాలు ఎవరికో ఇస్తారు. అటకమీది నుండి దింపిన కొయ్యపెట్టె దగ్గర మాత్రం అందరూ ఆగుతారు. అది ఏమిటి? ఎందుకు చేయించినారు? ఒకరు దస్త్రాల పెట్టె అంటారు, ఒకరు నగల పెట్టె అంటారు, పిల్లలు హార్మోనియం పెట్టె అంటారు. తేలకపోతే అది కలప ధరకు పోతుంది.

వస్తువు పేరును నమ్మి దాని పనిని నిర్ణయించటం మొదటి పొరపాటు. బీరువా అన్న మాటనే తీసుకొనవచ్చును. దాని మూలమైన బ్యూరో అన్న పదానికి ఐరోపాలో రాతబల్ల అని అర్థం. ఆ మాట దక్షిణ దేశానికి వచ్చి బట్టలు దాచుకొనే నిలువుపెట్టెకు స్థిరపడినది. అలమర పోర్చుగీసు వారి నుండి, కుర్చీ అరబ్బీ పారసీకాల నుండి వచ్చినవి. వస్తువులు ఒక దారిన, పేర్లు మరొక దారిన ప్రయాణం చేసినవి. కాబట్టి పేరును చివరకు అడగవలెను. ముందుగా అడగవలసినది కొయ్యను.

సులభమైన ఉదాహరణ కత్తిపీట. కత్తి ఊడిపోయిన పీటను చూచినవారు అది కూర్చొనే పీట అనుకొంటారు. కాని ఒక చివర పలకలో సన్నని గాడి ఉండి, దాని అంచులు నల్లబడి, ఇనుపతుప్పు కొయ్యలోకి దిగి ఉంటే, అక్కడ నిలువుకత్తి ఉండేదని స్పష్టం. కాలితో అదిమిపట్టిన చోట పలక అరిగి నున్నబడి ఉంటుంది. ఈ సంగతి తెలియటానికి గ్రంథాలు అక్కరలేదు. సిద్ధగోరాలో పొరుగింటి వంటగదికి పోయి చూచినా చాలును. బెంగాలీవారు బొఁటి అనే దానిని, ఒడియావారు పనికి అనే దానిని, మరాఠీవారు విళీ అనే దానిని ఇదే విధంగా కాలితో నొక్కి పట్టి కూరలు తరుగుతారు.

వాలుమూత ఉన్న చిన్నపెట్టె విషయం ఇంత తేలిక కాదు. అటువంటిది ఒకటి ఎదుట ఉన్నదనుకొందము. ఎత్తు అడుగుకు మించదు. మూత వెనుకవైపు ఎత్తుగా, ముందువైపు పల్లంగా వాలి ఉన్నది. వాలు దిగువ అంచున సన్నని కొయ్యబద్ద. వెనుక, వాలుకు పైన, నాలుగు వ్రేళ్ళ వెడల్పున సమతలమైన పలక. అందులో కుడివైపు గుండ్రని రంధ్రం, నడుమ సన్నని చీలిక. ముందు ఇత్తడి తాళపు రేకు. లోపల చిన్న అరలు. ఇన్నేళ్ళుగా దానిమీద దేవుని పటాలు పెట్టినారు. ముత్తాత కరణమని, అది ఆయన లెక్కల పెట్టె అని ఇంటివారు చెప్పుకొంటున్నారు.

ముందుగా ఎత్తు. ఏ సామానైనా మనిషి శరీరానికి కొలతపెట్టి చేసినదే. అడుగు ఎత్తు పెట్టె కుర్చీలో కూర్చొనేవానికి పనికిరాదు. చాపమీద బాసిపట్టు వేసుకొన్నవాని ఒడి ముందుకు సరిగా వస్తుంది. వాలుమూత దేనికి? కాగితం కంటికి ఎదురుగా నిలవటానికి. దిగువ బద్ద ఆ కాగితమో పుస్తకమో జారిపోకుండా ఆపుతుంది. తాటాకు మీద గంటంతో రాసినవారు ఆకును ఎడమచేత పట్టుకొని రాసేవారు. వారికి వాలుపలకతో పనిలేదు. కనుక ఈ పెట్టె కాగితాన్ని, సిరాను ఎరిగినవారిది. కుడివైపు రంధ్రం సిరాబుడ్డికి. దాని చుట్టూ చూస్తే కొయ్య నారల వెంట పాకిన నల్లని మరకలు కనిపించవలెను. సిరా కొయ్యలోనికి దిగుతుంది. దీపపు నూనె మరక అలా ఉండదు. జిడ్డుగా, పసుపు కలిసిన గోధుమరంగులో, అంచులు చెదరి ఉంటుంది. రెండూ ఒకే పెట్టె మీద ఉంటే, ఏది కింద, ఏది పైన అన్నది ముఖ్యం. సిరామరక మీద నూనెజిడ్డు పేరుకొన్నట్లయితే రాత ముందు, దీపం తరువాత.

ఇంతవరకు ఇంటివారి మాటకు బలమే చేకూరుతున్నది. చిక్కంతా నడుమ ఉన్న చీలిక తెచ్చినది. దానిని కొలవవలెను. బ్రిటిషు కాలపు వెండి రూపాయి వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. చీలిక అంతకు కొద్దిగా మించిన పొడవు ఉండి, దాని అంచులు గుండ్రంగా అరిగి, సరిగా దాని కిందనే లోపలి అడుగుపలక మీద చిన్న చిన్న దెబ్బలు పడి ఉంటే, అందులో వేసినవి నాణేలు. ఇక అరలను పరీక్షించవలెను. వాటి అడుగు సమతలంగా కాక గిన్నెవలె గుంటగా తొలిచి ఉన్నట్లయితే సందేహానికి తావుండదు. సమతలం మీద పడిన నాణేన్ని గోటితో ఎత్తవలెను. గుంటలో ఉన్న నాణెం వేలితో తాకగానే అంచు వెంట పైకి జారివస్తుంది. రోజుకు వందసార్లు చిల్లర ఇచ్చేవానికి ఈ సౌకర్యం చిన్నది కాదు. ఇది గల్లాపెట్టె. పైన పద్దు రాసుకొని, కింద రొక్కం దాచుకొనే వర్తకుని పెట్టె.

మరి కరణం సంగతి? మద్రాసు రాజధానిలోని రైతువారీ గ్రామాలలో శిస్తు వసూలు చేసే బాధ్యత మునసబుది. లెక్క రాసే బాధ్యత కరణానిది. జమీందారీ గ్రామాలలో ఏర్పాటు కొంత వేరు, అయినా కరణం ప్రధానంగా లెక్కకు, దస్త్రానికి పెద్ద. ఆయనకు కావలసినది పొడవైన లెక్కల కట్టలు పట్టే అర, పట్టాలు దాచే తాళం. రొక్కం జారవిడిచే చీలిక, చిల్లర గుంటలు ఆయన వృత్తికి చెందినవి కావు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయిన తరువాత ఈ తేడా తెలిసినవారు తగ్గిపోయినారు. రాతపెట్టె ఏది కనిపించినా కరణం పెట్టె అనటం వాడుక అయినది.

అంతమాత్రాన ఇంటివారి మాట అబద్ధమని తోసివేయటం తగదు. వర్తకుడు అమ్మిన పెట్టెను కరణం కొని వాడుకొని ఉండవచ్చును. అప్పు కింద వచ్చి ఉండవచ్చును. పెట్టెను చేయించినవాని అవసరం ఒకటి, అది చేరిన ఇంటివారు దానితో చేసిన పని మరొకటి. రెండవది తెలిసినంత మాత్రాన మొదటిది తెలిసినట్లు కాదు. కొయ్య చెప్పేది మొదటిదాని గురించి. కుటుంబం జ్ఞాపకం చెప్పేది రెండవదాని గురించి.

కుంకుమ విషయంలోనూ తొందరపడరాదు. పెట్టె మీద కుంకుమ కనిపించగానే, దేవుని పీటగా మారిన తరువాత అంటినదే అనుకొంటారు. కాని వర్తకులు గల్లాపెట్టెనే పూజిస్తారు. దీపావళినాడు లక్ష్మీపూజలో పెట్టెకు, కొత్త పద్దుపుస్తకానికి కుంకుమ పెట్టటం తెలుగు వర్తకులలో ఉన్నది. గుజరాతీలు చోప్డా పూజ అనేది, బెంగాలీ వర్తకులు వైశాఖం మొదటిరోజున జరిపే హాల్‌ఖాతా ఇటువంటివే. కాబట్టి కుంకుమ ఎక్కడ ఉన్నది అన్నదే ప్రశ్న. తాళపు రేకు చుట్టూ, ముందుపలక నడుమ బొట్లుగా ఉంటే అది పెట్టెకు జరిగిన పూజ. పైపలక మీద గుండ్రని దీపపుకుంది గుర్తుల నడుమ చెదరి, నాణేల చీలికలో నూనెతో కలిసి గడ్డకట్టి ఉంటే, అది పెట్టెమీద జరిగిన పూజ. చీలికతో పని తీరిపోయిన తరువాతి కాలానిది.

కాలనిర్ణయానికి మేకులు సాయపడతాయి. కమ్మరి కొట్టిన మేకు నలుచదరంగా ఉండి మొనవైపు సన్నబడుతుంది. తలకట్టు ఒకదానివలె మరొకటి ఉండదు. యంత్రంపై తీగతో చేసిన గుండ్రని మేకులు పందొమ్మిదవ శతాబ్ది చివరిభాగం నుండి వ్యాపించినవి. మొనదేలిన మరచీలలు ఆ శతాబ్ది నడిమికాలం నుండి వచ్చినవి. పలకల అంచులు చేతివేళ్ళు కలిపినట్లు ఒకదానిలో ఒకటి చొప్పించి అతికిన పెట్టెలో వెనుకపలక ఒక్కటే గుండ్రని మేకులతో కొట్టి ఉంటే, అది తరువాతి మరమ్మతు. ఆ పలక ఏ కలపో కూడా చూడవలెను. పెట్టె అంతా టేకు అయి, ఆ పలక సాలు కలప అయితే, మరమ్మతు ఇక్కడికి వచ్చిన తరువాత జరిగినదని ఊహించవచ్చును. సింగ్‌భూమ్‌లోని సారండా అడవి సాలవృక్షాలకు పేరొందినది. కాని సాలు ఒడిశాలోనూ పెరుగుతుంది కనుక ఇది ఊహయే, నిరూపణ కాదు.

పెద్ద సామానులో భోషాణం ఇటువంటి పరీక్షకే నిలుస్తుంది. దానిమీద పడుకొనేవారు కనుక మూత పైభాగం నున్నగా అరిగి ఉంటుంది. ధాన్యం పోసే గాదెకు అలా ఉండదు. గుజరాతులోని పటారా, బెంగాలులోని సిందూక్, కేరళలోని పత్తాయం దీనికి చుట్టాలే. పత్తాయం మాత్రం ప్రధానంగా ధాన్యానికి; అయినా దానిమీదా పడుకొనేవారు.

సిద్ధగోరా వంటి పేటలలో కనిపించగల మరొక వస్తువు తీగవల తలుపుల చిన్న బీరువా. ఇప్పుడు అందులో పుస్తకాలో, మందులో ఉంటాయి. వల గాలి ఆడటానికి, ఈగలు రాకుండటానికి. దాని కాళ్ళను పరిశీలిస్తే కింది రెండు అంగుళాల మేర కొయ్య నల్లబడి, మెత్తబడి ఉంటుంది. నాలుగు కాళ్ళకూ అదే ఎత్తున గీత గీసినట్లు మరక. చీమలు ఎక్కకుండా కాళ్ళను నీటిగిన్నెలలో నిలిపిన గుర్తు అది. పాలు, కూరలు దాచుకొన్న ఈ బీరువాను బెంగాలీవారు మీట్‌సేఫ్ అంటారు. కాళ్ళు కోసి పొట్టి చేసినచోట ఈ సాక్ష్యం పోయి ఉంటుంది.

అరల పెట్టెలన్నీ తాంబూలపు పెట్టెలనుకోవటం కూడా తెలుగు ఇండ్లలో సహజమే. పద్దెనిమిదవ శతాబ్దిలో విశాఖపట్టణపు పనివారు కొయ్యమీద దంతపు రేకులు అతికి, వాటిపై లతలు చెక్కి నల్లని లక్క నింపి, కంపెనీ దొరలకోసం బల్లలు, అద్దపు పెట్టెలు, రాతపెట్టెలు చేసినారు. ఆ పనితనం నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో చూడవచ్చును. ఆనాటి ఇంగ్లీషువారికి తేయాకు ఖరీదైన సరుకు. దానిని తాళంవేసి దాచటానికి అరల పెట్టెలు చేయించుకొనేవారు. తమలపాకు పెట్టెలో సున్నపు తెల్లదనం, కాచు ఎరుపు అరల మూలలలో మిగిలి ఉంటాయి. అవి లేకుండా, అరలకు లోహపు రేకు పూత, బిగువైన లోపలి మూతలు ఉంటే తేయాకును తలచుకొనవలెను.

1923లో గోద్రెజ్ వారు ఉక్కు బీరువాల తయారీ ప్రారంభించిన తరువాత కొయ్యపెట్టెకు పని తగ్గినది. ఉక్కునగరంలో ఆ మార్పు సహజమే. మిగిలినవాటిని అందంగా చేయవలెనన్న తొందరలో వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించి, ఉప్పుకాగితంతో రుద్ది పాలిష్ వేయిస్తారు. అప్పుడు సిరామరక, దీపపు జిడ్డు, కుంకుమ బొట్టు, నాణేల దెబ్బ అన్నీ ఒక్క పూటలో పోతాయి. పెట్టె మెరుస్తుంది, కాని అది దేనికి పుట్టినదో ఇక ఎవ్వరూ చెప్పలేరు. పొడిగుడ్డతో తుడిచి, అరలు బయటకు లాగి, అడుగువైపు తిరగవేసి, చీలిక కొలత రాసుకొని, నాలుగువైపులా ఫోటోలు తీసిన తరువాత కొనేవారికైనా చూపవచ్చును, వెంటనైనా తీసుకొనిపోవచ్చును.

మూత లోపల అంటించే చీటీలో రెండు వరుసలు చాలును. మొదటి వరుసలో కొయ్య చెప్పినది: వాలుమూత గల్లాపెట్టె, వెండి రూపాయి పట్టే చీలిక, వెనుకపలక తరువాత మార్చినది. రెండవ వరుసలో ఇంటివారు చెప్పినది: ముత్తాత కరణం, ఇది ఆయన పెట్టె, తరువాత దేవుని పటాలకు పీట.