పక్కవాళ్ల గొంతు

"మావాడు గుడికి రానంటున్నాడు టీచరుగారూ, ఏం చెయ్యమంటారు?"

ముప్పై ఏళ్లుగా సబ్బాతు బడి చెబుతున్నదాన్ని. ఈ ప్రశ్న తిరిగి తిరిగి నా గుమ్మంలోకే వస్తుంది. ఒకప్పుడు ఇంటర్ పిల్లల తల్లులు అడిగేవారు, ఇప్పుడు ఆరో తరగతి పిల్లల తల్లులే అడుగుతున్నారు. ఆదివారం పొద్దున ఫౌండేషన్ క్లాసు ఉంటుంది, అది లేకపోతే నిద్ర. పైగా వాడి వాదన గట్టిదే. "ప్రసంగం యూట్యూబులో వస్తుంది కదమ్మా, దేవుడు ఇంట్లో లేడా?"

ఉన్నాడు. ముందు ఆ మాట ఒప్పేసుకోండి. 2020 ఏప్రిల్ 12న ఈస్టరు. గుళ్లన్నీ మూసేశారు. మేమూ హాల్లో చాప పరుచుకుని, ఫోను గ్లాసుకి ఆనించి ఆరాధన చేసుకున్నాం. ఆ ప్రార్థన దేవుడు వినలేదని నేననను. కానీ పాట దగ్గరికొచ్చేసరికి రెండో చరణంలో ముగ్గురం మూడు దారులు పట్టాం. గుడిలో నేను ఏనాడూ తప్పని పాట అది. తప్పేదాన్నేనేమో, మా వెనక బెంచీలో కూర్చునే రిటైరైన రైల్వే ఆయన గొంతు నన్ను దారిలో పెట్టేదని ఆ రోజు తెలిసింది.

ఇంట్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటే తీసి చూడండి. మా ఇంట్లో ఉన్న పాత ప్రతిలో పాట పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి, స్వరాలుండవు. ఆనందభైరవి అంటే ఏమిటో తెలియని, అక్షరం ముక్క రాని మా అమ్మమ్మలాంటివాళ్లు ఆ పాటలు పొల్లు పోకుండా పాడేవారు. పక్కన నిలబడ్డవాళ్ల గొంతు విని పట్టుకున్నారు, అంతే. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలు మన నోటిదాకా వచ్చిందీ ఆ దారినే. విశ్వాసం కూడా పిల్లలకి అలాగే అబ్బుతుందని నా నమ్మకం. మాట బైబిల్లో ఉంది. దాన్ని బతుకులో ఎలా పాడాలో పక్క బెంచీ వాళ్ల దగ్గర ఉంది.

మా గుడిలో ఒక పెద్దావిడ ఉంది, ఉపాధి పనికి వెళ్తుంది. కానుక సంచి తన వరస దాకా వచ్చేలోగా చెంగు ముడి విప్పుతుంది. వేళ్లు సరిగా వంగవు, పంటితో లాగుతుంది. మడిచి మడిచి చిన్నదైపోయిన పది రూపాయల నోటు తీసి, ఒకసారి కళ్లకద్దుకుని వేస్తుంది. మా మూడో తరగతి పిల్ల ఒకతి ప్రతి వారం ప్రసంగం వదిలేసి ఆ ముడి వంకే చూస్తూ ఉంటుంది. ఇవ్వడం గురించి నేను చెప్పిన పాఠాలన్నీ ఆ ముడి ముందు దిగదుడుపే. భార్యను మట్టిలో పెట్టి వారం తిరక్కుండానే వచ్చి, నోరు పెగలకపోయినా పాటకి లేచి నిలబడ్డ మనిషినీ పిల్లలు చూశారు. లైవులో కెమెరా పాస్టరుగారి మీదే ఉంటుంది. ఇవేవీ కనపడవు.

అసలు మన నేల మీద ఈ విశ్వాసం ఒక్కొక్కరుగా వచ్చింది తక్కువ, పేటలకు పేటలుగా వచ్చింది ఎక్కువ. ఒంగోలు ప్రాంతం వాళ్లకి ఇది తాతల కథ. 1876–78 కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో కొంత ముక్క కాంట్రాక్టు తీసుకుని, తవ్వే పనిచ్చి జనాన్ని బతికించాడు. కూటి కోసం వచ్చారని ఎవరూ అనకూడదని, కరువు సాయం అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మొగుడి వెనక పెళ్లాం, అక్క వెనక చెల్లెలు. ఒకరిని చూసి ఒకరు ధైర్యం చేసి దిగిన నీళ్లు అవి. ఈ కథ పిల్లలకి చెప్పండి, కళ్లింత చేసుకుని వింటారు.

ఇక మన సంగతి. గేటు దగ్గర బండి మీద దింపేసి "బుద్ధిగా ఉండు" అని వెళ్లిపోయే నాన్నలకి ఒక మాట. మీరు లోపలికి రండి. సమాజమందిరానికి వెళ్లడం యేసుప్రభువుకి వాడుక అని లూకా రాశాడు. ఏటేటా పస్కాకి యెరూషలేము వెళ్లిన మరియ, యోసేపుల గురించి కూడా ఆయనే రాశాడు. కాబట్టి ఆ వాడుక ఎక్కణ్నుంచి వచ్చిందో పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

ఇంటికొచ్చాక ఆదివారం కోడికూరతో పాటు పాస్టరుగారినీ నంజుకోకండి. కమిటీ తగాదాలు, ఎలక్షన్లు, ఎవరు ఏ చీర కట్టుకొచ్చారన్నదీ అంతే. పొద్దున అక్కడ మోకరించి మధ్యాహ్నం ఇక్కడ ఏకిపారేస్తే, పిల్లలు రెండోదే నిజమనుకుంటారు. అనుకోరూ మరి!

ప్రసంగంలో కునుకు తీస్తే గిల్లొద్దు. పౌలంతటివాడు మాట్లాడుతుంటేనే ఐతుకు అనే కుర్రాడు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీలోంచి పడ్డాడు. మనవాళ్లు బెంచీ మీదే ఉన్నారు, సంతోషం. దేవుడు కొడతాడని భయపెట్టి మాత్రం తీసుకురావద్దు. ఒక్క విషయంలో మెతకదనం పనికిరాదు. ఫలానా మనిషి ఉంటే రానని పిల్ల అంటే, ఆయన పెద్దమనిషి, ప్రార్థనాపరుడు అని సర్దిచెప్పకండి. పిల్ల మాట నమ్మండి, కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడగండి. అవసరమైతే గుడి మార్చండి. గుడి మారితే విశ్వాసం పోదు.

మొదట ప్రశ్న అడిగిన ఆ తల్లికి నేను చెప్పింది చాలా చిన్న సంగతి. వాణ్ణి ఆరాధనకి రమ్మనకమ్మా, నాయనమ్మకి మోకాళ్ల నొప్పులు కదా, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మళ్లీ తీసుకెళ్లమను, చాలు అన్నాను. మూడు వారాలు బయట వేపచెట్టు కింద ఫోను చూసుకుంటూ గడిపాడు. నాలుగో వారం వాన పడి వరండాలోకి వచ్చాడు. అదే వేళకి మైకు కుయ్యిమంది. ఎంత తిప్పినా ఆగలేదు. "ఒరే అబ్బాయ్, నీకేమన్నా తెలుసేంట్రా దీని సంగతి?" అని సంఘ పెద్ద కేకేశాడు. తడిసిన చెప్పులు గడప దగ్గర విడిచి లోపలికొచ్చి, ఏదో తీగ పీకి ఏదో తీగ పెట్టాడు.

ఇప్పుడు వాడి చోటు యాంప్లిఫయరు పక్కన. ప్రసంగం వింటున్నాడో లేదో నేనింకా అడగలేదు. నాయనమ్మ పాట ఎత్తుకోగానే మాత్రం ఆవిడ మైకు కాస్త పెంచుతాడు.