హాబీ ఎట్ల మొదలవుతుంది? ఎట్ల పెరుగుతుంది?



ఎనిమిదో తరగతిలో మాకు ఒక ఫారం ఇచ్చారు. అందులో పేరు, ఊరు, తండ్రి పేరు తర్వాత "మీ హాబీ" అని ఉంది. ఒకరిది చూసి ఒకరం అందరం "పాటలు వినుట" అని రాసినం. ఇంట్లో రేడియో కూడా లేని నేనూ అదే రాసిన. తర్వాత సిగ్గనిపించింది. అందుకే ఈ వ్యాసం.

హాబీ అంటే ఏమిటి?

ఎవరూ చెప్పకున్నా, మార్కులు రాకున్నా ఇష్టంతో చేసే పనే హాబీ. ఇది చాలామందికి చిన్నప్పుడే, చిన్న సంగతితోనే మొదలవుతుంది.

సలీం అలీ గారు 1896లో బొంబాయిలో పుట్టారు. చిన్నతనంలో బొమ్మ తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇది ఏం పిట్ట అని అడుగుతూ పోయారు. ఆ ఒక్క ప్రశ్న ఆయన్ని జీవితమంతా పిట్టల వెంట తిప్పింది. 1931-32లో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షులను లెక్క రాశారు. మన జిల్లాలు అప్పుడు ఆ సంస్థానంలోనే ఉండేవి.

మన పక్క ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి రామయ్య గారు ఉండేవారు. గింజలు ఏరుడు, మొక్కలు నాటుడు ఆయన ఇష్టం. సైకిల్ మీద మొక్కలు పెట్టుకొని తిరిగి, ఖాళీ జాగా కనబడితే నాటేవారు. కోటికి పైగా నాటారని చెప్తారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న చనిపోయారు. ఆయన చెట్లు ఉన్నాయి.

నా సంగతి

మాది గంగారం మండలంలో ఒక కోయ గూడెం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మా దగ్గర విజ్జ పండుం, అంటే విత్తనాల పండుగ చేస్తారు. వేల్పుకు మొక్కినంకనే గింజలు చల్లుతారు. అది చూసి నాకు గింజలు ఏరుడు అలవాటైంది.

ఆరో తరగతిలో తడి గింజలను కవర్‌లో కట్టి ట్రంకు పెట్టెలో దాచిన. పదిహేను రోజులకు బూజు పట్టి రూమంతా వాసన. అందరూ తిట్టిండ్రు. ఏడ్చుకుంటూ పారేసిన. ఇంటికి పోయి చెప్తే అమ్మమ్మ నవ్వి, "గింజకు ఊపిరి ఉంటది బిడ్డా, కట్టేస్తే ఎట్ల బతుకుతది?" అన్నది. నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచుడు నేర్పింది. ఇప్ప గింజ ఎక్కువ రోజులు ఆగదు, తొందరగా నాటాలె. రేల గింజ పైపొర గట్టిది, ఏండ్లు ఆగుతది, కానీ వేడి నీళ్లల్ల నానబెడితేనే మంచిగ మొలుస్తది.

హాబీ పెరిగే మెట్లు

1. కనబడింది ఏరుకోవడం.
2. దాని పేరు అడగడం.
3. పాడైతే ఎందుకు పాడైందో తెలుసుకోవడం.
4. రాసి పెట్టుకోవడం.
5. నలుగురికి పంచడం.

నేను నాలుగో మెట్టు మీద ఉన్న. అమ్మమ్మకు ఇప్పుడు కండ్లు సరిగ్గా కనబడవు. గింజను వేళ్లతో తడిమి కోయ పేరు చెప్తది, నేను తెలుగు అక్షరాలల్ల రాసుకుంటున్న. 43 పేర్లు అయినయి. పోయిన సెలవులల్ల రెండు గింజలకు ఆమెకు పేరు యాదికి రాలేదు. చాలాసేపు చేతిలనే పట్టుకొని కూసున్నది. మా అమ్మకూ తెలియదు. నోటుబుక్కులో ఆ రెండు గళ్లు ఖాళీగనే ఉన్నయి.

ఆ రెండు గింజలను ఈ కాగితం కింద అంటించిన. దయచేసి పీకకండి. సెలవులకు పోయినప్పుడు మీ గూడెంలో, తండాలో ముసలివాళ్లను అడగండి. పేరు తెలిస్తే నాకు చెప్పండి. మీ భాషలో పేరైనా సరే, రాసుకుంటాను.

ఈసారి ఫారం ఇస్తే "గింజలు ఏరుట" అని రాస్తాను. మీరు ఏం రాస్తారు?

— 9వ తరగతి విద్యార్థిని