కీబోర్డు పిల్లలది, చప్పుడు ఇంటిల్లిపాదిదీ

పుట్టినరోజుకి మెకానికల్ కీబోర్డు కొనిపెట్టమని మీ అబ్బాయో అమ్మాయో అడిగారంటే, ఆ అడగడంలోనే ఒక రంగు పేరు కూడా ఉంటుంది. రెడ్ కావాలనో, బ్లూ అయినా ఫరవాలేదనో, బ్రౌన్ అయితే బాగుంటుందనో అంటారు. కీబోర్డు ఏ రంగుదైతే ఏమిటని మీరు సరేనంటారు. తీరా పెట్టె విప్పితే కీబోర్డు నల్లగానే ఉంటుంది, పిల్లాడి మొహం మాత్రం వెలిగిపోతుంటుంది. ఆ రంగు పైకి కనపడేది కాదు. కీ మీది టోపీ ఊడదీస్తే కింద చిన్న ప్లాస్టిక్ డబ్బీ, దాని మధ్యలో పైకీ కిందికీ ఆడే ఒక కాడ ఉంటాయి. పిల్లలు చెప్పేది ఆ కాడ రంగు.

ఆఫీసుల్లో వాడే మామూలు కీబోర్డులో అన్ని కీల కిందా కలిపి ఒకే రబ్బరు పొర ఉంటుంది. మెకానికల్‌లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్, దానిలో ఒక స్ప్రింగ్ ఉంటాయి. ఈ స్విచ్‌లకు రంగుల పేర్లు అలవాటు చేసింది చెర్రీ అనే కంపెనీ. దాని ఎం.ఎక్స్. స్విచ్‌లు 1980లలో వచ్చాయి. పేటెంట్ల గడువు తీరాక గేటెరాన్, కెయిల్, అవుటెము వంటి చైనా కంపెనీలు అదే తీరులో చవగ్గా చేయడం మొదలుపెట్టాయి, రంగులు కూడా చాలావరకు అవే ఉంచాయి. ఈ రోజు రెండు మూడు వేల రూపాయలకు మెకానికల్ కీబోర్డు దొరుకుతోందంటే అదే కారణం. పదివేలు దాటినవీ ఉన్నాయి.

ఇక్కడ తల్లిదండ్రులు చేతిలో ఉంచుకోవలసినవి రెండే: డబ్బు, చప్పుడు. వేలికి ఎలా తగలాలి, ఎంత బరువుగా ఉండాలి అన్నవి పిల్లలకే వదిలేయండి. ఆ వేళ్లు వాళ్లవి. చాలా ఇళ్లలో దీనికి తలకిందులుగా జరుగుతుంటుంది. ఏ స్విచ్ మంచిదని నాన్న నెట్‌లో గంటలకొద్దీ చదివి తనకు నచ్చింది తెస్తాడు. రాత్రిపూట అది ఎంత మోగుతుందన్న సంగతి ఇంట్లో ఎవరూ అడగరు.

ముందు చప్పుడు సంగతి చూద్దాం. స్విచ్‌లు మూడు జాతులు. అడ్డం లేకుండా నున్నగా దిగిపోయేవి లీనియర్. మధ్యలో వేలికి చిన్న గతుకు తగిలేవి టాక్టైల్. గతుకుతో పాటు కావాలనే టక్కుమనేవి క్లికీ. రెడ్ మొదటి జాతి, బ్రౌన్ రెండోది, బ్లూ మూడోది. బ్లూలో కాడ రెండు ముక్కలుగా ఉంటుంది. కీ సగం దిగేసరికి వదులుగా ఉన్న కింది ముక్క చటుక్కున దూకి కొట్టుకుంటుంది. ఆ టక్కు అదే. ఏదో అరిగి వచ్చే చప్పుడు కాదు, తయారీలోనే పెట్టింది. కాబట్టి మెల్లగా నొక్కరా అని ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం ఉండదు. మెల్లగా నొక్కినా అది మోగుతుంది. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో, పక్కగదిలో అక్క ఈఏపీసెట్‌కి చదువుకుంటుంటే, హాల్లో నాన్నమ్మ కునుకు తీస్తుంటే, బ్లూ స్విచ్ ఆ ఇంట్లోకి రాకపోవడమే మంచిది. ఇక్కడ మీరు గట్టిగా వద్దనవచ్చు, మొహమాటం అక్కర్లేదు.

వద్దనడానికి పిల్లలు కూడా ఒప్పుకునే కారణం ఒకటుంది. ఒకే కీని గబగబా రెండుసార్లు నొక్కడానికి బ్లూ అంత అనువైనది కాదు. ఒకసారి మోగాక, రెండోసారి పనిచేయాలంటే కీ ఆ మోగిన చోటు దాటి బాగా పైకి రావాలి. రెడ్‌లో ఈ తంటా లేదు. పైగా ఆడుతూ స్నేహితులతో మైకులో మాట్లాడుకుంటారు కదా, ఆ టకటక అంతా అవతలివాళ్ల చెవుల్లో పడుతుంది. ఇంట్లోవాళ్లు విసుక్కుంటే పట్టించుకోని కుర్రాడు జట్టులోవాళ్లు విసుక్కుంటే మాత్రం వెంటనే వింటాడు.

అలాగని రెడ్ అంటే నిశ్శబ్దమని నమ్మకండి. షాపువాళ్లు అలాగే చెబుతారు. లీనియర్‌లో టక్కుమనే ముక్క లేదన్నమాట నిజమే. కానీ ఆటలో ఉన్నవాడు కీని అడుగుదాకా బాదుతాడు. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కి తగులుతుంది, పైకి వచ్చేటప్పుడు మళ్లీ తగులుతుంది. అసలు గోల చేసేది స్పేస్‌బార్. పొడవాటి ఆ కీ ఒరిగిపోకుండా దాని కింద ఒక తీగ ఉంటుంది. చవక కీబోర్డుల్లో ఆ తీగ వదులుగా గలగలలాడుతుంది. షాపులో చూసేటప్పుడు ముందుగా స్పేస్‌బార్‌నీ ఎంటర్‌నీ నొక్కి వినండి. మిగతా కీల సంగతి తర్వాత.

నిజంగా చప్పుడు తగ్గాలంటే పేరులో సైలెంట్ అని ఉన్న స్విచ్ అడగాలి. వాటి కాడకి చిన్న మెత్తని దిమ్మలు ఉంటాయి, కిందికి తగిలినా పైకి తగిలినా ధ్వనిని అవి మింగేస్తాయి. చెర్రీలో సైలెంట్ రెడ్ ఉంది, ఇతర కంపెనీలూ ఇలాంటివి చేస్తున్నాయి. బురదలో అడుగేసినట్టుందని కొందరు పిల్లలు దీన్ని ఈసడిస్తారు. వాళ్ల మాటలోనూ నిజముంది, అడుగున తగిలే స్పష్టత కొంత పోతుంది. అర్ధరాత్రి దాకా సాగే ఆటలు మీ ఇంట్లో ఉంటే ఆ మాత్రం సర్దుకోమని చెప్పడం అన్యాయమేమీ కాదు. కీబోర్డు కింద దళసరి గుడ్డ మ్యాట్ ఒకటి పరిస్తే, చప్పుడు బల్లకు ఎక్కి గదంతా మోగడం తగ్గుతుంది. తక్కువ ఖర్చులో ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

ఎంత సేపు ఆడాలన్న తగువుని ఈ కొనుగోలులోకి లాగకండి. అది వేరే రోజు, వేరే మాట. కీబోర్డు కొనిస్తాను కానీ గంటే ఆడాలి అని కలిపి మాట్లాడితే స్విచ్ సంగతీ తేలదు, గంట సంగతీ తేలదు.

ఇక వేలి సంగతి. స్విచ్ బరువు గ్రాముల్లో చెబుతారు. రెడ్ దాదాపు 45 గ్రాములకు దిగుతుంది. బ్లాక్ అనే మరో లీనియర్‌కి 60 దాకా కావాలి. ఈ అంకెలు కాగితం మీద ఏమీ చెప్పవు, కాబట్టి ఇంట్లో ఒక పని చేయండి. రెండు లోహాల పది రూపాయల నాణెం ఒకటి ఏడున్నర గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఆరు నాణేలు దొంతరగా పేర్చి కీ మీద పెడితే దాదాపు 46 గ్రాములు. రెడ్ స్విచ్ అక్కడికి దిగుతుంది, బ్లాక్ అంత తేలిగ్గా లొంగదు, ఎనిమిది దాకా అడుగుతుంది. స్విచ్‌కీ స్విచ్‌కీ కాస్త తేడా ఉంటుంది గనక కచ్చితమైన లెక్క కాదు. అయినా పిల్లలకి ఇది సరదా. ఏది తేలిక, ఏది బరువు అన్నది మీకూ కంటికి కనిపిస్తుంది.

తేలికైనదే మంచిదనుకుంటే పొరపాటు. ఆట కోసం కొన్న కీబోర్డు మీదే వాళ్లు ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తారు, కోడింగ్ నేర్చుకుంటారు. మరీ తేలికైన లీనియర్ మీద వేళ్లు ఆనించినా అక్షరం పడిపోతుంది. చెర్రీ స్పీడ్ సిల్వర్ అనే స్విచ్ 1.2 మిల్లీమీటర్లు దిగేసరికే పని చేస్తుంది, రెడ్‌కి 2 మిల్లీమీటర్లు కావాలి. ఆ తేడా పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆటలో ఓడిపోవడానికి మిల్లీమీటరులో ఆ ముక్క కారణమైన సందర్భాలు మీ పిల్లల స్థాయిలో దాదాపు ఉండవు. తప్పు అక్షరాలు మాత్రం ప్రతి వాక్యంలోనూ కనిపిస్తాయి. వేళ్లు బరువుగా ఆనించే అలవాటున్న పిల్లలకి సిల్వర్ వద్దని నేనైతే చెబుతాను.

బ్రౌన్‌ని అందరూ మధ్యేమార్గం అంటారు. ఆ గతుకు చాలా చిన్నది. కొందరికి అది తగిలినట్టే ఉండదు, ఇసుక పడ్డ రెడ్ అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. అయినా చదువూ ఆటా రెండూ ఒకే కీబోర్డు మీద సాగే ఇంట్లో అది చెడ్డ ఎంపిక కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పాసైన తల్లిదండ్రులు కొందరికి షాపులో చేయి పెట్టగానే బ్లూనే నచ్చుతుంది, ఆ టకటక వాళ్ల వేళ్లకు అలవాటైన చప్పుడు. అలాంటివాళ్లు అంతగా మనసు పడితే తమ ఆఫీసు గదికి ఒకటి కొనుక్కోవచ్చు.

రంగుల లెక్క అన్ని కంపెనీల్లోనూ ఒకటే కాదని గుర్తుంచుకోండి. రేజర్ కంపెనీలో టక్కుమనేది గ్రీన్, గతుకున్నది ఆరెంజ్, నున్నగా దిగేది ఎల్లో. కాబట్టి షాపులో రంగు అడగకండి. లీనియరా, టాక్టైలా, క్లికీయా అని అడగండి.

ఈ మధ్య పిల్లల నోట వినిపిస్తున్న మరో మాట మాగ్నెటిక్, లేదా హాల్ ఎఫెక్ట్. వీటిలో లోహపు రేకులు ఒకదానికొకటి తగలడం ఉండదు, కాడలో అయస్కాంతం ఉంటుంది. అది ఎంత లోతుకు దిగిందో కింద ఉన్న సెన్సర్ కొలుస్తూ ఉంటుంది. ఎంత దిగితే పని చేయాలో సాఫ్ట్‌వేర్‌లో మనమే పెట్టుకోవచ్చు. ర్యాపిడ్ ట్రిగ్గర్ అనే సదుపాయం ఉన్నవాటిలో వేలు కాస్త పైకి లేవగానే కీ వదిలేసినట్టు లెక్క. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి తుపాకుల ఆటల్లో పరిగెడుతున్నవాడు టక్కున ఆగి కాల్చాలి గనక అక్కడ దీనికి విలువ ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన వూటింగ్ కంపెనీ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. మీవాడు ఆడేది మైన్‌క్రాఫ్టో ఫుట్‌బాలో అయితే ఈ ఖర్చు దండగ.

ఈ కీబోర్డుల్లో కొన్నింటిలో, ఎడమ కీ నొక్కి ఉండగా కుడి కీ నొక్కితే ఎడమది దానంతటదే వదిలేసేలా చేసే సదుపాయం కూడా ఉంటుంది. స్నాప్ ట్యాప్ అని దానికో పేరు. కౌంటర్ స్ట్రైక్ 2 తయారుచేసే వాల్వ్ కంపెనీ 2024 ఆగస్టులో ఇలాంటి వాటిని తమ సర్వర్లలో నిషేధించింది, వాడుతున్నట్టు కనబడితే ఆట మధ్యలోంచి పంపేస్తుంది. మీ అమ్మాయి ఆ ఆటే ఆడుతుంటే, కొనగానే ఆ సదుపాయం ఆపేసుకోమని ఒక మాట చెప్పండి. ఆటల గురించి అమ్మకి ఇంత తెలుసా అని కాస్త ఆశ్చర్యపోతుంది కూడా.

కొనేటప్పుడు ఒక మోసం చూసుకోవాలి. మెకానికల్ ఫీల్, సెమీ మెకానికల్ అని రాసి, రంగురంగుల దీపాలు పెట్టి అమ్మేవి చాలావరకు పాత రబ్బరు పొర కీబోర్డులే. స్విచ్ కంపెనీ పేరు, రకం పెట్టె మీద రాసి లేకపోతే అనుమానించండి. వీలైతే చేత్తో నొక్కి చూశాకే కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ లాంటి చోట నాలుగు షాపులు తిరగడం కష్టం కాదు. ఒక్క కీ నొక్కి చూసి తేల్చకుండా, పిల్లల్ని కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు టైపు చేయించండి. వెళ్లలేనివాళ్లు స్విచ్ టెస్టర్ అనే చిన్న పలక తెప్పించుకోవచ్చు, దాని మీద రకానికొకటి చొప్పున స్విచ్‌లు బిగించి ఉంటాయి.

అంకెల బ్లాకు లేని 87 కీల సైజు చాలామంది పిల్లలకి సరిపోతుంది. మౌస్‌కి చోటు మిగులుతుంది, కుడిచేయి మరీ పక్కకి చాచనక్కర్లేదు. మెకానికల్ కీబోర్డు మామూలు దానికంటే ఎత్తు గనక వెనక కాళ్లు మడిచేసి పెట్టండి. లేకపోతే మణికట్టు పైకి వంగి నొప్పి పెడుతుంది.

అన్నిటికన్నా నేను పట్టుబట్టేది హాట్ స్వాప్ గురించి. ఈ రకం కీబోర్డులో స్విచ్‌లు సోల్డర్ చేసి ఉండవు, సాకెట్‌లో గుచ్చి ఉంటాయి. నచ్చకపోతే లాగి వేరేవి పెట్టుకోవచ్చు. పద్నాలుగేళ్లప్పుడు నచ్చింది పదహారేళ్లకి నచ్చకపోవచ్చు. అప్పుడు కీబోర్డు మొత్తం మార్చక్కర్లేదు. ఆటలో ఎక్కువగా నొక్కే డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగింటికీ లీనియర్ పెట్టి, మిగతా వాటికి టాక్టైల్ ఉంచుకునే పిల్లలున్నారు. ఒక కీ పాడై నొక్కినప్పుడల్లా అక్షరం రెండేసిసార్లు పడుతుంటే, ఆ ఒక్క స్విచ్ మారిస్తే చాలు. అయితే సాకెట్‌లలో తేడాలున్నాయి. కొన్ని చవక కీబోర్డుల సన్నని సాకెట్‌లలో అవుటెము స్విచ్‌లే పడతాయి. కొన్నిటిలో మూడు కాళ్లవే దిగుతాయి, ఐదు కాళ్లవాటికి అడుగున ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించాలి. కాంతితో పనిచేసే ఆప్టికల్ కీబోర్డులో మామూలు స్విచ్ పెడితే పని చేయదు, మాగ్నెటిక్‌లోనూ అంతే. కొనేముందే షాపువాణ్ని దీని గురించి నిలదీయండి.

ఇంటికి తెచ్చాక, వాపసు గడువు లోపలే ప్రతి కీ నొక్కించి చూడండి. స్విచ్ లాగేటప్పుడు పక్కకి వంచకుండా నిలువుగా పైకి తీయాలి, పెట్టేటప్పుడు రెండు లోహపు కాళ్లూ నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కాలు వంగితే ట్వీజర్‌తో సరిచేసి మళ్లీ పెట్టుకోవచ్చు. బలవంతంగా నొక్కి సాకెట్ ఊడగొడితే మాత్రం సోల్డరింగ్ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.