ట్రెయిలర్ తగిలిస్తే రేంజ్ సగమెందుకు?

ప్రశ్న: అమెరికాలో మా ఫోర్డ్ ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగ్‌కు ఒక్క చార్జింగ్‌తో 320 మైళ్లన్నారు. ట్రెయిలర్ కడితే సగమే వస్తోంది. బ్యాటరీ పాడైందా? ఫోర్డ్ డ్రైవర్ సహాయ వ్యవస్థ బ్లూక్రూజ్ వాడితే రేంజ్ పెరుగుతుందా?

జవాబు: బ్యాటరీని అనుమానించకండి. 320 అనేది ట్రెయిలర్ లేకుండా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పద్ధతిలో తేల్చిన అంకె. పెద్ద బ్యాటరీలో వాడుకోగలిగేది 131 యూనిట్లు (కిలోవాట్ అవర్లు). మైలుకు అర యూనిట్ ఖర్చయితే 262 మైళ్లు, ఒక యూనిట్ అయితే 131 మైళ్లే. బరువే కారణమని చాలామంది అంటారు, ఎత్తెక్కే దారిలో అది నిజమే. కానీ చదునైన హైవే మీద ఎత్తైన ట్రెయిలర్‌కు అసలు శత్రువు గాలి. దాని నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, గంటకు 70 నుంచి 60 మైళ్లకు దిగితే ఆ నిరోధం నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. బ్లూక్రూజ్ ఈ లెక్కను మార్చలేదు, మీరు పెట్టిన వేగాన్నే నిలబెడుతుంది. అది డ్రైవర్‌కు సాయమే తప్ప డ్రైవర్ కాదు. ట్రెయిలర్ వెనకుంటే చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీదే ఉంచండి.